నేల ఇంకా కుంగాలని

తిరుపతిలో మట్టి పరీక్షలు చేసే మా చిన్న ఆఫీసులో ఏళ్ల తరబడి నా మాటే చెల్లింది. ఏ నేల ఎంత కుంగుతుంది, ఎన్నాళ్లకు నిలదొక్కుకుంటుంది అని ఎవరు అడిగినా సారు నావైపే చూసేవారు. నిరుడు కొత్త ఇంజినీరు ఒకతను చేరాడు. అంతే, సారు చూపు అటు తిరిగిపోయింది.

రేణిగుంట దగ్గర పాత చెరువు పూడ్చి గోడౌను కడుతున్నారు. అడుగున నీళ్లు తాగిన బంకమట్టి. దానిమీద మట్టి గుట్టగా పోసి, ఆ బరువుకు నీళ్లు బయటికి పోయి నేల కుంగడం ఆగాక, గుట్ట తీసేసి కట్టాలి. నేను పదకొండు నెలలు పడుతుందన్నాను. అతను ఆరు చాలన్నాడు. ఓనరు మొహం వెలిగిపోయింది.

"సూడమ్మా, ఎంత బాగా లెక్క తీసినాడో!" అన్నారు సారు. నాకు ఒళ్లు మండింది.

ప్రతి సోమవారం అతను కొలతలు తెచ్చేవాడు. ఆ కాగితం లాక్కుని చూసేదాన్ని. ఇంకా కుంగాలి, ఇంకా కుంగాలి! ఈ ఊళ్లో ఉంటూ ఇలాంటి మొక్కు మొక్కింది నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఐదో నెలకల్లా కుంగడం దాదాపు ఆగింది. ఆఫీసంతా అతనికి మెచ్చుకోళ్లే. నేను తలనొప్పని చెప్పి ఇంటికెళ్లిపోయాను.

ఉండబట్టలేక ఆదివారం ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం తీసుకుని సైటుకు వెళ్లాను. స్కేలు పట్టుకోమని వాచ్‌మన్‌ను బతిమాలాను. కొలతలన్నీ పక్కనున్న కల్వర్టు గోడ మీది ఎర్ర గుర్తు నుంచి తీస్తున్నారు. దాని ఎత్తును దూరంగా ఉన్న, ఎన్నటికీ కుంగని కొండబండతో సరిచూశాను. కల్వర్టే కుంగింది! గుర్తు కూడా నేలతో పాటు దిగుతుంటే నేల ఆగినట్టే కనబడుతుంది మరి. కొత్త ఇంజినీరు అయ్యగారి పని అయిపోయిందని ఎగిరి గంతేసినంత పని చేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. వారం వారం ఎండలో బండ దాకా ఎవరు నడుస్తారులే అని, మొదటి రోజు ఆ గుర్తు అక్కడ పెట్టింది నేనే.

మూడు రోజులు నోరు విప్పలేదు. చెబితే నా పరువు పోతుంది. చెప్పకపోతే శనివారం గుట్ట తీసేస్తారు, రేపు గోడౌను నేల పగులుతుంది, అతని పేరు పోతుంది. నిజం చెప్పొద్దూ, ఆ రెండోదే బాగుందనిపించింది.

గురువారం నేను సారు గదిలో ఉండగా అతనే వచ్చాడు.

"సార్, కల్వర్టు కుంగతా ఉండాది. మన కొలతలన్నీ తప్పు. అక్క చెప్పిన పదకొండు నెలలే కరెక్టు."

"ఆడ గుర్తు పెట్టిన తెలివైనోడు ఎవుడప్పా?"

అతను నావైపు చూశాడు. మొదటి రోజు రిజిస్టరులో ఉన్నది నా చేతిరాతని అతనికి తెలుసు.

"నేనే సార్. బండ దాకా నడవలేక ఆడ పెట్టేసినా."

సారు అతన్ని కడిగేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఇంత మంచితనం కూడా వీడికే దక్కాలా అని అప్పుడు కూడా కుళ్లుకున్నాను.

సారు నావైపు తిరిగారు. "రేపట్నుంచి కొలతలు నువ్వే సూసుకోమ్మా. నిన్ను నమ్మినట్టు ఇంకెవర్నీ నమ్మలేను."

"సరే సార్" అన్నాను.