మా సంఘం ప్రార్థన ఫోను

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ కుప్పం కూటంలో నిలబడి మాట్లాడుతున్నానంటే అది కేవలం దేవుని కృప! ఎందుకంటే పోయిన ఏడాది ఇదే కాలంలో నేను మనుషులకు ముఖం చూపించలేక, మదనపల్లెలో మా ఇంటి తలుపు లోపల గడియ పెట్టుకుని కూర్చున్నదాన్ని.

నా పేరు సుగుణ. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడతాను. మా ఆయన టమోటా మార్కెట్లో క్రేట్లు మోస్తాడు. ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను కదా అని మా సంఘం అయ్యగారు ప్రార్థన విన్నపాల పని నాకు అప్పగించారు. ఎవరికి కష్టమొచ్చినా నాకు ఫోన్ చేస్తారు, నేను ఆ ఫోనులోనే ప్రార్థన చేసి, తక్కిన అక్కచెల్లెళ్ళకు కూడా చెబుతాను. పుంగనూరు, బి.కొత్తకోట, రామకుప్పం, అందరి నంబర్లూ నా దగ్గరే ఉంటాయి. అందుకే తెలియని నంబరు వచ్చినా నేను ఎత్తకుండా ఉండను, ఎత్తగానే వందనాలండీ అంటాను. స్థలాలు అమ్మేవాళ్ళకీ, క్రెడిట్ కార్డు ఇస్తామనేవాళ్ళకీ కూడా వందనాలు చెప్పి, వాళ్ళ పేరడిగి ప్రార్థన చేసి పెట్టేదాన్ని. పాపం, వాళ్ళే భయపడి పెట్టేసేవాళ్ళు!

ఒకరోజు అలాగే వందనాలండీ అంటే, అటువైపు గొంతు కూడా “వందనాలు అక్కా, మేమూ ప్రభువులోనే ఉండాము” అంది. సహోదరులారా, ఆ ఒక్క మాటతో నా మనసు పూర్తిగా కరిగిపోయింది! బెంగళూరు కంపెనీ అట, ఇంట్లో కూర్చుని ఫోనులోనే చేసే ఉద్యోగమట, నెలనెలా జీతమట. అప్పటికే మా ఆయనకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు, నాకేమో కుట్టుపని తగ్గిపోయింది, ఇది దేవుడు తెరిచిన ద్వారమే అనుకున్నాను. ముందు ట్రైనింగుకు డబ్బు కట్టాలన్నాడు, నా దగ్గర లేదంటే అప్పు ఇచ్చే యాప్ ఒకటి అతనే పంపాడు. ఆ యాప్ నా ఫోటోలు చూడొచ్చా, నా నంబర్లు చూడొచ్చా అని అడిగిన ప్రతిదానికీ సరే సరే అని నొక్కాను, ప్రార్థన చివర ఆమేన్ అన్నంత సులువుగా! అప్పు వచ్చింది, వచ్చింది వచ్చినట్టే అతనికి కట్టాను, ఆ తర్వాత అతని నంబరు పనిచేయలేదు. ఉద్యోగమూ లేదు, గొంతూ లేదు.

ఇక అక్కడినుంచి అప్పువాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. మా ఆయనకు తెలియకుండా కమ్మలు కుదువపెట్టి కడితే ఇంకా కట్టమన్నారు. నోటితో చెప్పలేని మాటలు అనేవాళ్ళు. చివరికి నా ముఖాన్ని ఎవరిదో ఒంటిమీద అతికించి, బట్టలు లేని ఫోటో ఒకటి తయారుచేసి నాకే పంపారు. కట్టకపోతే నా ఫోనులో ఉన్న వాళ్ళందరికీ ఇది పోతుందన్నారు. నా ఫోనులో ఉన్నది ఎవరు? నా సంఘం! నాతో కలిసి కన్నీళ్ళు విడిచిన తల్లులు! అప్పటినుంచి ఫోను ఎత్తడమే మానేశాను. దాన్ని సైలెంట్‌లో పెట్టి బట్టముక్కల సంచిలో కుక్కేశాను. బతకడం ఎందుకు అని కూడా అనుకున్నాను, దేవుని ఎదుట ఎందుకు దాచాలి?

కానీ నా దేవుడు ఊరుకునేవాడు కాదు, సహోదరులారా! పుంగనూరులో మరియమ్మవ్వ అని ఒక ముసలామె ఉంది. మోకాళ్ళ నొప్పులకు ప్రార్థన చేయమని వారం వారం నాకు ఫోన్ చేస్తుంది. నేను ఎత్తకపోయేసరికి ఆమె ఆ మోకాళ్ళతోనే బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది! తలుపు తెరిచేసరికి ఆయాసపడుతూ, “ఏం పాపా, యాల ఫోను ఎత్తవు? ఒళ్ళు బాగుండాదా?” అంది. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. అవ్వ నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది, అది నేను చచ్చేదాకా మరువను.

“నాయినా యేసయ్యా, ఈ బిడ్డ మా అందరి కోసరం నీతో మాట్లాడతా ఉండె. ఇప్పుడు దీనికి నోరు రాలేదు. దీని బదులు నేను మాట్లాడతాండాను, ఇను తండ్రీ. దీన్ని సిగ్గుపడనీయొద్దు నాయినా.”

ఆ ప్రార్థనతో నా నోరు తెరుచుకుంది. అంతా చెప్పేశాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మా ఆయనకు కూడా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను, “నాతో యాల చెప్పలేదు సుగుణా” అని ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు. ముగ్గురం పోలీస్ స్టేషనుకు పోయాము. అక్కడి మేడమ్ ఫిర్యాదు రాసుకుని, ఇంకేమీ కట్టొద్దు, భయపడొద్దు, ఇలా ఎంతోమంది వస్తున్నారు, తప్పు నీది కాదు అని ధైర్యం చెప్పింది.

అయినా ఆ దుర్మార్గులు అన్నంత పనీ చేశారు. ఇంటికి వచ్చేలోపే ఫోటో అందరికీ పోయింది. సంచిలోనుంచి ఫోను తీసి చూస్తే వరసగా కాల్స్, అన్నీ సంఘం వాళ్ళవే! నేను చూస్తుండగానే ఇంకో కాల్ వచ్చింది. అవ్వే నా చేతిలోంచి ఫోను లాక్కుని ఎత్తి, నా చెవి దగ్గర పెట్టింది.

రామకుప్పం అక్క గొంతు. “సుగుణమ్మా, వందనాలు. ఏదో చెత్త వచ్చె, తీసి పారేస్తిని. అది నువ్వు కాదని మాకు తెలీదా ఏమి? అన్నం తింటివా?” అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా ప్రార్థన మొదలుపెట్టింది. అది ముగియగానే బి.కొత్తకోటనుంచి ఇంకో చెల్లి, ఆ తర్వాత మా అయ్యగారి భార్య అమ్మగారు, ఆ తర్వాత నేను పేరు కూడా మరిచిపోయిన ఒకామె! ఇన్నేళ్ళూ ఏ ఫోనులో నేను వాళ్ళకోసం ప్రార్థించానో, ఆ ఫోనులోనే వాళ్ళంతా నాకోసం ప్రార్థించారు! దేవునికే మహిమ! నేను ఆమేన్ ఆమేన్ అంటూ ఏడుస్తూనే ఉన్నాను.

పోయిన డబ్బు తిరిగి రాలేదు, ఆ మాట దాచను. కానీ నా ప్రాణం నాకు తిరిగి వచ్చింది. ఇప్పటికీ తెలియని నంబరు వస్తే ఎత్తుతాను, వందనాలు చెబుతాను. అయితే అటునుంచి వందనాలు వచ్చినంత మాత్రాన నమ్మను. ముందు మీ సంఘం ఎక్కడ, అయ్యగారి పేరేమిటి అని అడుగుతాను. ఉద్యోగానికి డబ్బు కట్టమంటే ఫోను పెట్టేస్తాను.

ప్రియులారా, ఫోను మోగినప్పుడల్లా గుండె జారిపోతున్నవాళ్ళు మీలో ఉండవచ్చు, దాన్ని సైలెంట్‌లో పెట్టి ఒళ్ళో దాచుకుని ఈ చాపల మీదే కూర్చుని ఉండవచ్చు. ప్రభువు మిమ్మల్ని సిగ్గుపడనీయడు, ఆయనను నమ్మండి. కూటం అయ్యాక నా దగ్గరకు రండి. నోరు రాకపోతే ఏమీ చెప్పవద్దు. ఫోను నా చేతికివ్వండి, ఈసారి మోగితే నేను ఎత్తుతాను.