గాలి మింగే గొట్టం

హారోలో నేను అద్దెకున్న ఇంటి అంకుల్ హాల్లో పెద్ద చేపల తొట్టి పెట్టుకున్నారు. తొట్టిలో ఎక్కువైన నీళ్లు ఒక గొట్టం గుండా కింది అరలోని ఫిల్టర్‌లోకి దిగుతుంటాయి. నీళ్లతో పాటు గాలి కూడా దూరితే ఆ గొట్టం గుడగుడమంటుంది. ఆ చప్పుడు ఆయనకు అస్సలు పడదు. మనం ఎంత ముఖ్యమైన విషయం చెబుతున్నా సరే, చూపుడువేలు పైకెత్తి, "ఉండమ్మా, గాలి మింగుతోంది," అనేవారు. మోకాళ్ల మీద కూర్చుని గొట్టానికున్న వాల్వును వెంట్రుకవాసి తిప్పేవారు. గొట్టం నిండా నీళ్లే నిండి చప్పుడు ఆగితే గానీ వేలు దించేవారు కాదు.

"నేను పిలిస్తే మాత్రం వినపడదు. నేనూ గుడగుడమనాలేమో!" అనేవారు ఆంటీ వంటింట్లోంచి. ఆవిడ పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉండేవారు.

ఒక ఆదివారం స్టాన్‌మోర్ నుంచి అంకుల్ తమ్ముడి కుటుంబం భోజనానికి వచ్చింది. హాలంతా గోలగోలగా ఉంది. మధ్యలో అంకుల్ వేలెత్తారు.

"అయిపోయింది, అన్నయ్య ఇంక గొట్టం దగ్గరే," అని తమ్ముడు నవ్వాడు.

నేను తొట్టి వైపు చూశాను. గొట్టం చప్పుడు చెయ్యడం లేదు. అంకుల్ తొట్టిని దాటుకుని వంటింట్లోకి పరుగెత్తారు. ఆంటీ స్టవ్ పక్కన నేలమీద స్పృహ తప్పి ఉన్నారు.

ఆవిడ తేరుకున్నాక, అంబులెన్స్‌లో వచ్చినామె అంకుల్‌ని అడిగింది, పడిన చప్పుడు విన్నారా అని.

"లేదు," అన్నారాయన. "పాట ఆగిపోయింది."