చేతివాసి కాదు

కోరుట్లలో మా పిల్లల డాక్టరమ్మ పోయారని మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువుంది.

"క్లినిక్ ముందర ఫ్లెక్సీ కట్టిండ్రమ్మా. 'చేతివాసి గల తల్లి' అంట. ఆమెకు ఆ మాటంటేనే పడదు గదా!"

పడదు. నేను పాఠాలు చెప్పే సిరిసిల్ల కాలేజీ నుంచి అటే బస్సెక్కాను. ప్రేమతో రాసిన మాట మీద ఇంత మండిపడటం న్యాయమేనా అని దారంతా సందేహమే.

అమ్మాయికి నాలుగేళ్లప్పుడు దమ్ము, అదే ఆయాసం, మొదలైంది. నేనేదో చెప్పబోతే డాక్టరమ్మ ఆపేశారు. "నువ్వు తర్వాత. ముందుగాల పిల్ల అంగీ ఇప్పు." స్టెతస్కోపు ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని పిల్ల పక్కలకేసి చూస్తూ, నన్నూ చూడమన్నారు. "ఊపిరి గుంజినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంది, చూసినవా? దగ్గు ఎంత చప్పుడు చేసినా చెయ్యనియ్యి. గీ గుంట పడితే మాత్రం ఒక్క గడియ ఆగొద్దు."

పీల్చే మందు రాస్తే మా అత్తమ్మ అడ్డం తిరిగింది. "పంపు అలవాటైతది డాక్టరమ్మా."

"కండ్లద్దాలు అలవాటైతే ఎవ్వలు ఏడుస్తలేరు. ఊపిరి అలవాటైతే ఏడుస్తరా?"

అత్తమ్మ కూడా నవ్వేసింది.

ఒకసారి రాయికల్ నుంచి వచ్చిన ముసలావిడ మనవణ్ణి ఎత్తుకుని దండం పెట్టింది. "నీ చేతివాసితోని బతికిండు బిడ్డా." డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "నా చేతిల ఏం లేదవ్వా! నీ కోడలు బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టి పోరని పక్కలు చూసింది, ఎంటనే ఉరికచ్చింది. దండం ఆమెకు పెట్టు." ఆ కోడలు తలుపు దగ్గరే తలొంచుకుని నిలబడింది. ఎవరూ దండం పెట్టలేదు.

క్లినిక్ ముందర, ఆ ఫ్లెక్సీ కిందే పెట్టిన సంతాప సభలో నాకు మండింది అందుకే. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని అదే మాట. "గసుంటి చేతివాసి మళ్ల పుట్టదు." పుట్టదు సరే. ఆమె ఇన్నేళ్లూ మన కళ్లకు నేర్పినదంతా ఆమె చేతికి అంటగట్టి, ఆ చేతితో పాటే పూడ్చేద్దామా?

మా పక్క కుర్చీలో ఒక తల్లి ఒడిలో, స్వెటర్ వేసిన పసివాడు సన్నగా మూలుగుతున్నాడు.

"సలి వట్టింది" అంది వాళ్ల నానమ్మ. "వాము వాసన సూపిస్తే తగ్గుతది. ఇగ డాక్టరమ్మనే లేకపాయె, యాడికి తీస్కపోతం?"

"పొద్దటిసంది పాలు తాగుతలేడు" అంది తల్లి, మెల్లగా.

మా అమ్మాయి ముందుకు వంగింది. "అక్కా, జర అంగీ లేపు."

"గింత సలిల ఇప్పుమంటవా? సదువుకున్న పిల్లవేనా?" అని ముసలావిడ కసిరింది.

తల్లి అప్పటికే స్వెటర్ విప్పేసింది. అంగీ పైకెత్తి చూసింది. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. లేచి నిలబడింది. "అత్తా, గుంట వడుతుంది. లే."

మైకులో మాట్లాడుతున్నాయన ఆగలేదు. వాళ్లు మాత్రం ఆగకుండా పిల్లాడికి కొంగు కప్పి ఆటో ఎక్కారు. అమ్మాయి కూడా వెంట వెళ్లింది. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆక్సిజన్ పెట్టారట, వాడు తేరుకుంటున్నాడట.

అప్పటికి జనం వెళ్లిపోయారు. ఫ్లెక్సీ కింద ఖాళీ కుర్చీలో ఆ చిన్న స్వెటర్, గుండీలన్నీ విప్పి, అలాగే ఉంది.