రెండో ఓటు

లెమ్యూయెల్ హార్క్‌నెస్ పుట్టుపిరికి. కోర్టులో వాదించేటప్పుడు మోకాళ్ల వణుకు కనబడకుండా బల్ల వెనకాల నిలబడేవాడు. కెంటకీలో, పెల్లమ్ అనే ఊళ్లో, ఇరవై ఏళ్లు గట్టు తగాదాలతో బతుకు వెళ్లదీశాడు. అలాంటివాడు, స్వేచ్ఛాపత్రం ఉన్నా బానిసగా అమ్మబోయిన డోర్కస్ అనే నల్లజాతి మనిషి తరఫున వాదించి గెలిచాడు. ఆ ఊపులో, 1857లో, శాసనసభకు నిలబడ్డాడు. బుద్ధి గడ్డి తిన్నదని తనే తర్వాత తిట్టుకున్నాడు.

అక్కడ ఓటంటే నోటిమాటే. కోర్టు మెట్లెక్కి, నలుగురూ వింటుండగా పేరు చెబితే గుమాస్తా రాసుకుంటాడు. ఎన్నిక రోజున ఆ మెట్ల కింద ఎదుటి అభ్యర్థి కర్నల్ స్ట్రోదర్ మనుషులు కర్రలతో కాపు కాశారు. హార్క్‌నెస్ పేరెత్తినవాడి గడ్డికొట్టం తగలబడుతుందని ముందే చాటారు. పొద్దుటి నుంచి అందరూ స్ట్రోదర్ పేరే చెప్పారు. లెమ్యూయెల్ గుమాస్తా పక్కనే కూర్చుని వింటున్నాడు.

మధ్యాహ్నం పీపాలు చేసే ముసలి జూబల్ టీగ్ వచ్చాడు. డోర్కస్ కేసులో సాక్ష్యం చెప్పింది అతనే. లెమ్యూయెల్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఏంటి లాయరు గారూ, మీ పేరు చెప్తే నాలుక కాలుద్దా?" అని జూబల్ గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకో బాబూ. హార్క్‌నెస్!"

"ఈ ఏడు గడ్డి బాగా ఎండిందా తాతా?" అన్నారు కింద నుంచి ఎవరో. నవ్వులు.

చివర్న అభ్యర్థులు ఓటెయ్యాలి. మర్యాద ప్రకారం ఒకరి పేరు ఒకరు చెప్పుకోవాలి. తన పేరు తనే చెప్పుకున్నవాణ్ని ఊరు మనిషిగా చూడదు. స్ట్రోదర్ అంటే చాలు, లెమ్యూయెల్ క్షేమంగా ఇంటికి పోవచ్చు. కానీ కర్నల్ మర్యాదకు వేసే ఓటు పక్కన పెడితే, పుస్తకంలో జూబల్ ఓటు ఒంటరిగా మిగిలిపోతుంది.

"హార్క్‌నెస్," అన్నాడు. గొంతు కీచుమంది.

కర్నల్ మొహం కందగడ్డయింది. "సిగ్గులేదటయ్యా?" అన్నాడు గుమాస్తా, అయినా రాసుకున్నాడు.

సాయంత్రం జూబల్ కొట్టం ముందు ఇద్దరూ నీళ్ల బకెట్లు పెట్టుకుని కూర్చున్నారు.

"ఇంటికి పొండి. భయంతో చస్తన్నారు."

"అక్కడైనా భయమే కదా."

పొద్దు వాలుతుండగా ఊళ్లో లెమ్యూయెల్ ఆఫీసు ఉన్న వైపు నుంచి నల్లటి పొగ లేచింది.

"అయ్యో, మీ ఆఫీసు! లెగండి!"

లెమ్యూయెల్ లేవలేదు. వణికే మోకాళ్లను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నేను లేచి అటు పోతే ఇక్కడికొస్తారు," అన్నాడు.