ప్రార్థనలో పేర్లు

మా అమ్మ శరణమ్మకు చదువు రాదు. కానీ ముప్పై ఆరు ఇళ్ల పేర్లు వరస తప్పకుండా, దాదాపు ఒక్క ఊపిరిలో చెప్పేది.

జహీరాబాదులో బొంబాయి రోడ్డు దిగువన మా చిన్న చర్చి. అక్కడ స్త్రీల సమాజానికి అమ్మే పెద్ద. మావాళ్ల ప్రతి ఇంట్లో పొయ్యి ముట్టించే ముందు ఒక పిడికెడు జొన్నలు దేవుడి పేర డబ్బాలో వేసేవారు. శనివారం అమ్మ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అవి పోగుచేసేది. కొన్ని పాస్టరు అయ్యగారింటికి, కొన్ని దిక్కులేని ముసలివాళ్లకు. ఆదివారం ఆరాధనలో కళ్లు మూసుకుని నిలబడి, ఇచ్చిన ప్రతి ఇంటి పేరూ పలికి దేవుడికి స్తోత్రం చెప్పేది. పట్నం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు సైతం తల తిప్పి చూసేవారు.

"ఏం యాది శరణమ్మా నీది!" అని పక్కింటి బస్వమ్మ మెచ్చుకుంటే, "దేవుడిచ్చిండు, నాదేముంది" అనేది అమ్మ, కొంగు సర్దుకుంటూ.

నాయన రైల్వేలో గ్యాంగుమన్. నెల జీతం వచ్చేది. మా డబ్బా ఏనాడూ ఖాళీగా లేదు. వరసలో మొదటి పేరు మాదే.

బస్వమ్మ పేరు తర్వాత యాదమ్మ పేరు వచ్చేది. యాదమ్మ, అమ్మ ఇద్దరూ మొగుడంపల్లిలో కలిసి పెరిగినవాళ్లు. యాదమ్మ భర్త చనిపోయాడు. ఒక్క కూతురు నీలమ్మను కోహీర్‌లో ఇచ్చి, అల్లం చేలలో కూలికి పోతూ ఒంటరిగా బతికేది.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. చేలు ఎండాయి, కూలి లేకుండా పోయింది. ఒక శనివారం అమ్మతో నేనూ వెళ్లాను. యాదమ్మ గడపలో నిలబడి చేతులు నలుపుకుంది.

"అక్కా, ఈ వారం లేవే. వచ్చే శనారం రెండు పిడికిళ్లు పెడత."

"దానికేమి చెల్లె, ఫికర్ చెయ్యకు" అంది అమ్మ.

మర్నాడు ప్రార్థనలో బస్వమ్మ పేరు అయ్యాక అమ్మ ఆగింది. క్షణం మాత్రమే. ఆ పేరును ఆగకుండా దాటిపోవచ్చు. ఆగింది. ఆ వరస అందరికీ కంఠస్థమే కాబట్టి కళ్లు మూసుకున్నవాళ్లు కూడా తెరిచారు. యాదమ్మ తల వంచుకుంది. అమ్మ తర్వాతి పేరు అందుకుంది.

ఆపైన యాదమ్మ ఏ శనివారమూ తప్పలేదు. గడపలోనే నిలబడి గిన్నె అందించేది. అమ్మ ఇంకా ఎన్నో ఇళ్లు తిరగాలి. లోపలికి తొంగి చూడలేదు. ఆ గింజల్లో కొన్ని ఆకలిగా ఉన్నవాళ్లకే కదా పోయేది, యాదమ్మ అడిగితే మొదట ఆమెకే ఇవ్వవలసింది. ఆమె అడగలేదు, అమ్మకు తట్టలేదు.

నాలుగు నెలలకు యాదమ్మ బావి దగ్గర పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయారు. మూడో రోజు పోయింది. ఒంట్లో ఏమీ మిగల్లేదమ్మా, తిండి లేక, అన్నాడు డాక్టరు. ఆమె ఇల్లు సర్దడానికి మేం వెళ్లినప్పుడు పొయ్యిలో బూడిద గట్టిపడి ఉంది. వంట కుండలో సాలెగూడు. దేవుడి డబ్బాలో మాత్రం, వచ్చే శనివారానికి, పిడికెడు జొన్నలు.

అమ్మ ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, "ఆమెను నేనే సంపిన, నాకు ఈ పెద్దరికం వద్దు" అని ఏడ్చింది. ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. బయటికొచ్చాక బస్వమ్మ అమ్మ చేయి పట్టుకుంది. "ఎంత తగ్గింపు మనసు శరణమ్మా నీది! గిట్ల ఒప్పుకునేటోళ్లు ఎవరున్నరు?"

ఇంటికొచ్చి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అటే తిరిగి నాతో అంది: "ఏడ్సుకుంట గూడ ఎవరెవరు సూస్తున్నరో సూసిన బిడ్డా."

ఆ వచ్చే శనివారం మళ్లీ సంచి తీసుకుంది. పెద్దరికం వదిలితే వచ్చే మంచి పేరు తనకు వద్దంది. ప్రార్థన మాత్రం ఒక్క ముక్కకు కుదించింది: "ఇచ్చినోళ్లు, ఇయ్యలేనోళ్లు నీకెరుక, తండ్రీ." గింజలు సగానికి తగ్గాయి. "పేర్లు చెప్తేనే ఇస్తరు శరణమ్మా" అని అయ్యగారు విసుక్కున్నారు. అమ్మ ఇప్పుడు ప్రతి గడపా దాటి లోపలికి వెళ్లేది, వంట కుండల మూతలు ఎత్తేది.

"మా కుండలల్ల ఏం దొంగసొమ్ముందని, పోలీసమ్మా?" అని ఆడవాళ్లు వెక్కిరించేవారు. ఖాళీ కుండ కనబడితే సంచిలోంచి తీసి అందులో పోసేది. ఇలా పన్నెండేళ్లు.

ఎనభై నాలుగులో మంచం పట్టింది. చూడడానికి కోహీర్ నుంచి నీలమ్మ వచ్చింది. అన్నేళ్లలో అమ్మ ఆమె ఎదుట పడిన ప్రతిసారీ ఏదో పని చెప్పి తప్పుకుపోయింది. ఈసారి తప్పుకోలేకపోయింది.

"మీ అవ్వ పేరు కాడ ఆగిన నీలమ్మా. కావాలనే ఆగిన. మాఫ్ చెయ్యి బిడ్డా."

నీలమ్మ ఆమె కాళ్లు ఒత్తుతూ నెమ్మదిగా అంది: "పెద్దమ్మా, మా అవ్వను దొరలు ఓసేయ్ అన్నరు, సేటు ఏమే అన్నడు. సక్కగ పేరు పెట్టి నలుగురి ముంగట పిలిసింది నువ్వే. ఆదివారం నా పేరు సదివిన్రే అని నేనొచ్చినప్పుడల్ల చెప్పి మురుస్తుండె. నీ మీద కోపమెట్లొస్తది?"

అమ్మ మనసు తేలికపడుతుందనుకున్నాను.

అమ్మ నీలమ్మ వైపు చూస్తూనే ఉంది. "గంత మురిసిందా?" అంది. "నాకు తెల్వదు. మీ అవ్వ పేరు చెప్పుకుంట గూడ నా పేరే ఇనుకుంట నిలబడిన."

ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది. క్షమాపణ దొరికిందో లేదో నేను అడగలేదు. అడిగితే, నన్ను ఓదార్చడానికి దొరికిందనే చెప్పి ఉండేది.