బట్టమేక పిట్టను చూసిన మేడం

ఎండాకాలం సెలవుల్లో లెక్చరర్లు ఇంట్లో కూర్చుని మామిడిపళ్లు తింటారని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఏమైనా అనుకుంటుంది. మే, జూన్ నెలల్లో మా పల్నాడు రోడ్ల మీద తలకు తువ్వాలు చుట్టుకుని, చంకలో కరపత్రాలు పెట్టుకుని, గడపగడపకూ వెళ్లి బతిమాలే మనుషులు కనబడితే వాళ్లు ఓట్లడిగేవాళ్లని పొరబడకండి. వాళ్లు డిగ్రీ కాలేజీ లెక్చరర్లు. ఓట్లడిగేవాళ్లకు కనీసం కారుంటుంది.

నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. పేరు కరీముల్లా. ఏ గ్రూపు పిల్లలైనా తెలుగు చదవాల్సిందే గనుక నా ఉద్యోగానికి ఢోకా లేదు. అయినా పిల్లల్ని చేర్పించే క్యాన్వాసింగ్ తప్పదు. ఇద్దరిద్దరిని జట్టు చేసి మండలాలు పంచుతారు. మూడేళ్లుగా నా జట్టు జువాలజీ మాధురి మేడం. ఆమె స్కూటీ ముందు, నా పాత బండి వెనక.

మాధురి మేడం సత్తెనపల్లిలో ఇత్తడి సామాన్ల కొట్టు వాళ్ల అమ్మాయి. గొంతు పెంచి మాట్లాడగా నేను చూడలేదు. అలాంటి మనిషి నాలుగేళ్ల కిందట యూనివర్సిటీ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మా కాలేజీకి ఒక కొత్త కోర్సు తెచ్చింది. వన్యప్రాణి సంరక్షణ. అడవులు, గడ్డినేలలు, చెరువులు, వాటిల్లో బతికే జీవాలు, వాటిని కాపాడే పద్ధతులు. మా ప్రిన్సిపాల్ దాన్ని "పిట్టల కోర్సు" అంటాడు. ఆయన్ని తిట్టడానికి నాకు తెలుగులో చాలా మాటలు వచ్చు గానీ, ఇక్కడ రాయను. ఈ ఏడాది ఆయన ఒక కాగితం పంపాడు. పదిహేను మంది చేరకపోతే కోర్సు ఎత్తేస్తారు.

ఆ కోర్సు ఆమెకు ఎందుకంత ప్రాణమో స్టాఫ్ రూములో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అడగలేదు. ఎమ్మెస్సీ అయ్యాక ఆమె పద్దెనిమిది నెలలు కర్నూలు వైపు గడ్డి మైదానాల్లో పనిచేసింది. బట్టమేక పిట్ట మీద పరిశోధన. తెల్లవారకముందే లేచి, బైనాక్యులర్స్ మెడకు తగిలించుకుని, గడ్డిలో బోర్లా పడుకుని ఎదురుచూడటమే ఉద్యోగం. ఆ పద్దెనిమిది నెలల్లో పిట్టను పదకొండుసార్లు చూసింది. "ఇంతెత్తుంటుంది కరీముల్లా గారూ" అని బల్ల అంచు మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. మగపిట్ట గొంతు సంచి ఉబ్బించి, తోక పైకెత్తి నడుస్తుందట. అది చెప్పేటప్పుడు ఆమె కూడా మెడ నిటారుగా చేస్తుంది. చేస్తున్నానని ఆమెకు తెలియదు. ఆ పిట్ట ఇప్పుడు ఆ మైదానాల్లో కనబడక ఏళ్లయిందట.

ప్రాజెక్టు అయిపోయింది. ఈ రంగంలో అంతే, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. తరవాతి అవకాశం రాజస్థాన్‌లో వచ్చింది. "కొట్టుకొచ్చిన ప్రతివాడూ మీ అమ్మాయి పిట్టల వెంట తిరుగుతుందంటగా అని అడుగుతున్నాడు, ఇక చాలమ్మా" అన్నాడు వాళ్ల నాన్న. పెళ్లయింది. భర్త బ్యాంకులో ఉద్యోగి, మంచివాడు. ఒక్కతే కూతురు. మేడం అప్పటినుంచి నరసరావుపేటలో వానపాము జీర్ణవ్యవస్థ బొమ్మ గీస్తూనే ఉంది. ఇప్పటికీ ఖాళీ పీరియడ్లో ఫోనులో పరిశోధన ప్రాజెక్టుల నోటిఫికేషన్లు చదువుతుంది. జీతం, ప్రాంతం, అర్హత అన్నీ చదువుతుంది. "వయసు ముప్పై అయిదు లోపు" అన్న లైను దగ్గరికొచ్చాక ఫోను పక్కన పెడుతుంది. మర్నాడు ఇంకోటి చదువుతుంది. చూసిన ప్రతిసారీ నా మనసుకు కష్టంగా ఉంటుంది. పలకరిస్తే నవ్వేస్తుంది గనుక పలకరించను.

క్యాన్వాసింగుకు ఇంతకన్నా పనికిరాని మనిషి ఉండదు. నిజం చెబుతుంది. నేను గుమ్మంలోనే "మంచి ఫ్యూచరుందండీ" అని అందుకుంటానా, ఆమె వెనకనుంచి నెమ్మదిగా మొదలుపెడుతుంది. అటవీ శాఖలో పోస్టులు తక్కువ, పరీక్షలు ఎప్పుడో గానీ పడవు. పైన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేయాలి. పరిశోధన ఉద్యోగాలు రెండేళ్లు, మూడేళ్లు ఉంటాయి, మళ్లీ వెతుక్కోవాలి. స్వచ్ఛంద సంస్థలున్నాయి, జీతాలు తక్కువ. మా మొదటి బ్యాచి కుర్రాడు ఫ్రాన్సిస్‌కు హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీలో ఉద్యోగం వచ్చింది. కొండ తవ్వబోయే ముందు దాని మీద ఏయే జీవాలున్నాయో లెక్క రాయడం అతని పని. లెక్క రాశాక కొండ తవ్వుతారు. ఆ సంగతి కూడా దాచదు మా మేడం. పక్కన నిలబడి నేను పళ్లు నూరుకుంటాను.

ఇంత చెప్పినా పద్నాలుగు మంది దొరికారు. అదే నాకు ఆశ్చర్యం. ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు వచ్చేసరికి ఒక్కరు తక్కువ. సాయంత్రం అయిదింటికి సైటు మూసేస్తారు. ఆ పదిహేనో మనిషి ఈపూరు దాటాక ఒక పల్లెలో ఉంది. సంజన. ఇంటర్ పాసైంది. కోర్సు గురించి ఎక్కడో చూసి తనే మేడంకు ఫోను చేసింది. నాన్న ఒప్పుకోవాలి, అంతే.

నాన్న వెంకటకృష్ణయ్య మాజీ ఎంపీటీసీ. మిరప, పత్తి వేస్తాడు. మేం వెళ్లేసరికి నాలుగయింది. ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆయన భార్య నాగేంద్రమ్మ మజ్జిగ తెచ్చింది.

"ఏంది మేడం గారూ, ఇది చదివితే మా పిల్ల రేంజరవుద్దా?" అన్నాడాయన.

"అవుద్దన్నా, ఎందుకవ్వదు!" అన్నాను నేను గబగబా.

"పరీక్ష రాయాలండీ. పోటీ ఎక్కువ. వస్తుందని నేను మాట ఇవ్వలేను" అంది మేడం.

"రేంజరైతే మంచిదే. కొండ కింద ఫారెస్టోళ్లతో మా పొలం హద్దు గొడవ ఇరవయ్యేళ్ల నుంచి తెగట్లా. మన పిల్లే వచ్చి గీత గీసుద్ది."

"ముందు వాళ్లను మజ్జిగ తాగనియ్యవయ్యా" అంది నాగేంద్రమ్మ.

సంజన లోపలికెళ్లి ఒక పాత నోట్‌బుక్ తెచ్చి మేడం చేతిలో పెట్టింది. "మా మోటబావి మీద గిజిగాళ్లు గూళ్లు కడతయి మేడం. తొమ్మిదో తరగతి నుంచి లెక్కపెడతన్నా."

మేడం పేజీలు తిప్పింది. తేదీ, ఎన్ని గూళ్లు, ఎన్ని సగంలో వదిలేసినవి, ఎన్ని గాలికి పడిపోయినవి. గీతలు కొట్టి, గడులు కట్టి రాసింది. మొదటి ఏడు నలభై ఒకటి. పోయినేడు పంతొమ్మిది.

"ఎందుకు తగ్గాయమ్మా?"

"చుట్టుపక్కల జొన్న మానేసి అందరూ మిరప ఏశారు మేడం. అయ్యి తినేది గింజలు గదా."

"లెక్క ఇలా రాయాలని ఎవరు నేర్పారు?"

"ఎవురూ నేర్పలా. ఎన్నున్నయ్యో తెలుసుకుందామని."

మేడం ఆ నోట్‌బుక్‌ను మూయలేదు. వేలితో ఆ అంకెలు తడుముతూ కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె ముఖం అంత వెలగడం నేను చూడలేదు. వెంకటకృష్ణయ్య కూడా చూసినట్టున్నాడు. కాసేపు మీసం నిమురుకున్నాడు. "చానా రోజుల నుంచి పోరుతంది లే. సరే, కానీయండి" అన్నాడు.

నేను క్షణం ఆలస్యం చేయలేదు. నా ఫోనులో సైటు తెరిచి, సంజన హాల్ టికెట్ నంబరు కొట్టి, కోర్సు ఎంచి, బటన్ నొక్కాను. తండ్రి ఫోనుకు ఓటీపీ వెళ్లింది. నాలుగున్నర. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"నాలుగు. సున్నా. ఏడు."

అక్కడ ఆగాడు.

"మేడం గారూ, మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతేనండీ. భావన."

"ఏం చదువుద్ది?"

భావన గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. కంప్యూటర్స్, రెండో సంవత్సరంలోకి వచ్చింది. 'ఇదే కోర్సు, విశాఖలో' అనే అబద్ధం నా నాలుక మీదికి వచ్చేసింది కూడా. అది చెప్పి ఉంటే ఏ దేవుడూ నన్ను తప్పుపట్టేవాడు కాదు.

"కంప్యూటర్స్ అండీ. గుంటూరులో" అంది మేడం.

వెంకటకృష్ణయ్య కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది, నేను సర్దిచెప్పేవాణ్ణి. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఫోను కూడా పెట్టుకున్నాడు.

"మీరు దాంట్లో ఉన్నోళ్లు. మీ పిల్లకు ఏది మంచిదో మీకు తెలుసు. మీరు చేసిందే నేనూ చేస్తా. తప్పా?"

"తప్పేం లేదండీ" అంది మేడం.

సంజన నోట్‌బుక్ కోసం చెయ్యి చాపింది. తీసుకుని, వెళ్లబోతూ ఆగి, "మేడం, మీ అమ్మాయి ఇది చదువుతానని అడగలా?" అంది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మేడం "లెక్క మాత్రం ఆపొద్దమ్మా" అని లేచింది.

ఈపూరు సెంటర్లో టీ బంకు దగ్గర ఆగాం. అక్కడే అయిదయింది. సైటు మూసేశారు. పద్నాలుగు. మర్నాడు ఆ పద్నాలుగు మందికీ ఫోన్లు చేసి వేరే గ్రూపులకు మారమని చెప్పాల్సిన పని కూడా ఆమెకే పడింది. ఆ ఫోన్ల సంగతి నేను రాయలేను.

టీ బంకు దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది. "నాలుగేళ్ల కష్టం మేడం! మూడంకెలు చెప్పాడు, ఇంకో మూడు మిగిలాయి. ఒక్క అబద్ధం, ఒకే ఒక్కటి ఆడలేకపోయారా? అబద్ధమాడితే కళ్లు పోతాయా మీకు?" అన్నాను. టీ బంకు నడిపే మజీద్ కూడా తలెత్తి చూశాడు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఆడాను కరీముల్లా గారూ. పోయినేడు."

నాకు అర్థం కాలేదు.

"భావన అడిగింది. అమ్మా, నువ్వు చదివిందే నేనూ చదువుతా, నీలాగే మైదానాల్లో తిరుగుతా అంది. దాంట్లో ఏమీ లేదే, ఇంకేదీ దొరక్క ఒప్పుకున్న పని అది, నాకు ఒక్కరోజు కూడా ఇష్టం లేదు అని చెప్పాను. రెండు మూడు రోజులు చెప్పాను, నమ్మేదాకా. నమ్మింది. గుంటూరు వెళ్లింది."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అంతసేపు అరిచినందుకు సిగ్గేసింది. "ఎందుకు మేడం అట్లా?" అన్నాను.

"ఈ దిగులు దానికొద్దని. రోజూ ఇక్కడుండి, అక్కడ ఉండాల్సినదాన్నని అనుకుంటూ బతకడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఆ చదువే చదవకపోతే ఆ దిగులే ఉండదు గదా అనుకున్నాను."

కాసేపు రోడ్డు చూసింది. ఎరువుల బస్తాలతో ట్రాక్టర్లు పోతున్నాయి. ఏమనుకుందో, ఫోను తీసి కూతురికి చేసింది. ట్రాక్టర్ల మోతలో వినబడక స్పీకర్ పెట్టింది. నేను లేచి పోబోతే కూర్చోమని సైగ చేసింది.

"భావనా, నీకొక మాట చెప్పాలి. పోయినేడు నీతో అన్నాను చూడు, నాకు ఆ పని ఇష్టం లేదని. అబద్ధం. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఇప్పటికీ ఆ మైదానమే తలుచుకుంటా."

అటువైపు ఎవరో అమ్మాయిలు భావనను పిలవడం వినబడింది.

"ఇప్పుడు చెబుతున్నావేంటమ్మా" అంది భావన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను రోజూ సాయంత్రం హాస్టల్ మేడెక్కుతా. ఏమైనా పిట్టలొస్తాయేమోనని చీకటి పడేదాకా చూస్తా. ఇక్కడ గద్దలు తప్ప ఏమీ రావు. చెబితే బాధపడతావని నీకు చెప్పలేదు. మా ఫ్రెండ్స్ పిలుస్తున్నారు, పెడుతున్నా."

మాధురి మేడం ఫోను ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు.

"నాకు పాతికేళ్లప్పుడు వచ్చింది ఈ దిగులు" అంది. "దానికి పంతొమ్మిదికే వచ్చేసింది కరీముల్లా గారూ. నేను ఆ పిట్టను పదకొండుసార్లయినా చూశాను. అది ఒక్కసారి కూడా చూడలేదు."