వెలిచ్కా పిన్ని తిట్టిన పుస్తకాలు

“మేకల రోగాల పుస్తకానికి మూడు చేతులు లేచాయిరా నాసో! మేకల రోగాలకి! వాళ్ళలో ఒక్కరికైనా మేక ఉందా? రిటైరైన స్టేషన్ మాస్టరు దోంచోకి పిల్లి కూడా లేదు. ఉన్న పిల్లి ఆయనతో వాదించలేక పక్కింటికి వెళ్ళిపోయింది.”

ఈ మాట అంటూ వెలిచ్కా పిన్ని పొయ్యిలోంచి కాలిన మిరపకాయను పటకారుతో తీసి నా ముందున్న గిన్నెలో పడేసింది. సెప్టెంబరు వచ్చిందంటే మా బిల్డింగులో ప్రతి బాల్కనీలోనూ ఇదే పని. కుండలా నిలువుగా ఉండే కరెంటు పొయ్యిలోకి ఎర్ర తీపి మిరపకాయలు ఒక్కొక్కటే దింపడం, తొక్క నల్లబడేదాకా కాల్చడం, ఒలిచి చలికాలానికి సీసాలకెత్తడం. డాన్యూబు మీదుగా వచ్చే గాలి కూడా ఆ నెలంతా మాడు వాసనే వేస్తుంది. నేను పిన్ని కింది ఫ్లాటులో ఉంటాను. కాల్చడం ఆమె వంతు, ఒలవడం నా వంతు, మాట్లాడడం మళ్ళీ ఆమె వంతు.

పిన్ని ఉద్యోగం చేసినంత కాలం ఊరి క్యానింగ్ ఫ్యాక్టరీలో రుచి చూసే పనిలోనే ఉంది. చెంచా నాలిక మీద పెట్టుకుని ఆమె కళ్ళు మూసుకుంటే, గంగాళాల దగ్గర నిలబడ్డ మగవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళట. ‘ఉప్పు’ అంటే ఉప్పు పడేది. ‘చాలు’ అంటే మంట ఆరేది. డైరెక్టరుకైనా ఎదురు చెప్పే ధైర్యం లేదు. ఇప్పటికీ మా వీధిలో ఎవరింట్లో ల్యుతెనిత్స పచ్చడి ఉడికినా ఒక చిన్న గిన్నె మెట్లెక్కి పిన్ని దగ్గరికి వస్తుంది. ఆమె ఊ అన్నాకే సీసాలకు మూతలు పడతాయి.

అలాంటి మనిషి ఒక పుస్తకం బాగుందని చెబితే మాత్రం ఊళ్ళో ఒక్కరూ దాన్ని ముట్టుకోరు.

మా ఊరి చదువుల ఇంట్లో లైబ్రరీ, నాటకాల స్టేజీ, పిల్లల డాన్సు క్లాసు అన్నీ ఒకే కప్పు కింద నడుస్తాయి. గురువారం సాయంత్రం పాఠకులం చేరతాం. ఒకరు జున్ను పొరల బనిత్స రొట్టె కాల్చుకొస్తారు, ఒకరు ఇంట్లో కాచిన రకియా సారా సీసా కోటు లోపల పెట్టుకొస్తారు. తాను చదివిన పుస్తకం గురించి ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. కావాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తాలి. చాలా ఏళ్ళ కిందట పిన్ని మెచ్చిన ఒక పుస్తకాన్ని మందుల షాపాయన నమ్మకంగా తీసుకెళ్ళాడు. అందులో ఒక ముసలాయన బావి తవ్వడం మొదలుపెడతాడు. తవ్వుతాడు. చివరి పేజీ దాకా తవ్వుతాడు. నీళ్ళు పడవు. మందుల షాపాయన వసంతం వచ్చేదాకా చదువుల ఇంటి వైపు రాలేదు. ఆయన భార్య పిన్నితో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది.

పిన్ని తిట్టిన పుస్తకాల సంగతి వేరు. వాటికోసం జనం ఒకరినొకరు తోసుకుంటారు. ఆమె లేచి నిలబడిందంటేనే కుర్చీలు ముందుకు జరుగుతాయి.

“సిగ్గులేని పుస్తకం!” అని మొదలుపెడుతుంది. “మొదటి అధ్యాయంలోనే నోటరీగారి పెళ్ళాం మొగుడికి పుట్టగొడుగుల కూర వండింది. ఆయన తిన్నాడు. టేబుల్ మీదే వాలిపోయాడు. ఆ మహాతల్లి ఏం చేసిందో తెలుసా? గిన్నె కడిగి, మిగిలిన కూర మీద మూత పెట్టి దాచింది! ఎందుకు దాచింది? ఎవరికోసం దాచింది? ఛీ, నేను చెప్పను. నా నోటితో చెప్పను. అలాంటి పుస్తకం ఎవరూ చదవకండి!”

అని కూర్చుంటుంది. చేతులు లేస్తాయి. లైబ్రరీ చూసుకునే రుమ్యానా చెయ్యి అందరికంటే ముందు లేస్తుంది.

ఇన్నేళ్ళు విన్నాక నాకు తెలిసింది ఇది: నచ్చని పుస్తకం పిన్ని నోరు తెరిపిస్తుంది, నచ్చిన పుస్తకం మూయిస్తుంది. నచ్చిందాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, “మంచి పుస్తకం. చదవండి,” అని ఆగిపోతుంది. చూసేవాళ్ళకు ఎవరో పోయారని చెప్పడానికి లేచిందేమో అనిపిస్తుంది.

“ఇన్నాళ్ళూ వాళ్ళని చెడ్డ పుస్తకాల నుంచి కాపాడుతున్నాననుకున్నాను,” అంది పిన్ని, మరో మిరపకాయ దింపుతూ. “పోయిన గురువారం తెలిసింది, దగ్గరుండి నేనే వాళ్ళని బురదలోకి తోస్తున్నానని. నీకు ముందే తెలుసా?”

“ఊరందరికీ తెలుసు పిన్నీ.”

“తెలిసీ చెప్పలేదా?”

“నువ్వు తిడుతుంటే బాగుంటుంది కదా.”

మాడిన తొక్క ఒకటి వచ్చి నా భుజం మీద పడింది.

పోయిన గురువారం జరిగింది ఇదీ. పిన్ని ఈ వేసవిలో ఒక పాత పుస్తకం చదివింది. అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే కోటు. బయటికి వెళ్ళేవాళ్ళు వేసుకోవాలి, రెండోవాళ్ళు ఇంట్లో ఉండాలి. లావుపాటి పుస్తకం నిండా అంతే కథ. చివరి పేజీలో మంచు కురుస్తుండగా అక్క బయటికి వెళ్ళిపోతుంది. కోటు మాత్రం కొక్కేనికే ఉంటుంది. అంతటితో పుస్తకం అయిపోతుంది. పిన్ని దాన్ని గుండెకు ఆనించుకుని లేచి, “మంచి పుస్తకం. చదవండి,” అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎవరో దగ్గారు. ఆమెకు ఒళ్ళు మండి, పక్క బల్ల మీద చేతికందిన పుస్తకం ఎత్తి, “సరే, ఇది చూడండి, ఛీ, ఇది ఇంట్లో పెట్టుకునే పుస్తకమేనా? నలభయ్యో పేజీ దగ్గర నేను మూసేశాను!” అంది. అది మేకల రోగాల పుస్తకం. ముగ్గురు పోటీపడ్డారు. దోంచో గెలిచాడు.

“తీసుకెళ్ళి చదివాడు కూడా,” అంది పిన్ని. “నిన్న రొట్టెల షాపులో కనబడి, ‘నలభయ్యో పేజీలో అంత ఘోరం ఏముందమ్మా, కడుపుబ్బరం గురించే కదా’ అన్నాడు. పైగా వాళ్ళ బావమరిదికి అవే లక్షణాలున్నాయట.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బిల్డింగులో పొయ్యిలన్నీ ఒక్కసారి చల్లబడ్డాయి. బాల్కనీలన్నీ ఒక్కసారి వేడెక్కాయి.

“రెండో పొయ్యి పెట్టిన దొంగ ఎవరే?” అని కిందనుంచి ఎవరో అరిచారు.

“సిగ్గుండాలి!” అని పిన్ని అందరికంటే గట్టిగా కేకేసింది. అలా కేకేస్తూనే, తన రెండో పొయ్యి మీద తువాలు కప్పింది.

ఎవరో ఫ్యూజు వేశారు. పిన్ని తువాలు తీసి, ఏమీ జరగనట్టు నా పక్కన కూర్చుంది.

“దోంచో రేపు పొద్దున బస్సుకి సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళిపోతున్నాడురా. చలికాలమంతా వాళ్ళక్క ఇంట్లోనే. ఇవాళ గురువారం, సాయంత్రం చదువుల ఇంటికొచ్చి ఒక పుస్తకం తీసుకెళతాడు. అది ఆ కోటు పుస్తకం కావాలి.”

“ఎందుకంత పట్టుదల? నేను చదివాను కదా పిన్నీ.”

“చదివావు. చదివి ఏమన్నావు?”

“బాగుందన్నాను.”

“అక్క కోటు మర్చిపోయి వెళ్ళిందా, కావాలని వదిలి వెళ్ళిందా అని అడిగితే?”

“నువ్వేమంటే అదే అన్నాను.”

“చూశావా! వెన్నముద్ద మీద కత్తి నూరుకోగలనా? మంచివాడివే, కాదనను. కానీ నాకు మంచివాడితో పని లేదిప్పుడు. వేసవంతా ఒక్కదాన్నే వాదించుకున్నాను నాసో. పొద్దున మర్చిపోయిందంటాను, సాయంత్రం కావాలనే అంటాను. రెండు పక్షాలూ నేనే. గెలిచినా సంతోషం లేదు. దోంచో చూడు, వాన పడుతోందంటే కిటికీ దాకా వెళ్ళి చూసొచ్చి ‘తుంపర’ అంటాడు. అలాంటివాడు చదవాలి దీన్ని. చలికాలమంతా అక్కడ కూర్చుని నామీద కారాలు మిరియాలు నూరాలి. వసంతంలో బస్సు దిగంగానే ‘వెలిచ్కా, నీకు బుద్ధి లేదు’ అనాలి.”

“నేరుగా చేతికిచ్చి చూడొచ్చు కదా?”

“ఇవ్వకేం! రొట్టెల షాపులోనే ఇవ్వబోయాను. ‘నేను నీకేం అపకారం చేశాను తల్లీ?’ అన్నాడు.”

“మరైతే ఇవాళ లేచి తిట్టెయ్. అంతే కదా.”

పిన్ని నాకేసి అదోలా చూసింది. లోపలికి వెళ్ళి చేతులు రెండుసార్లు కడుక్కుని పుస్తకం పట్టుకొచ్చింది. దానికి వార్తాపత్రిక అట్ట వేసి ఉంది. బాల్కనీ మధ్యలో, సీసాలకు ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుంది.

“సిగ్గులేని పుస్తకం!” అంది. ఆరంభం బ్రహ్మాండంగా ఉంది. “ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరికీ ఒకటే కోటు! కొనుక్కునే తెలివి లేదా? ఆ కోటుకి మూడో గుండీ లేదు. అక్క… చెల్లెలికి చలేస్తుందని… తన గౌను గుండీ తెంపి, రాత్రి అది నిద్రపోయాక…”

అక్కడ ఆగిపోయింది. నడుముకు కట్టుకున్న ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

“ఈ మిరపకాయల ఘాటు,” అంది.

అవి చక్కెరలా తియ్యని మిరపకాయలు. వాటి రుచి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నేను తలవంచుకుని ఒలుస్తూ కూర్చున్నాను. బిల్డింగు బిల్డింగంతటికీ వినబడేలా పొయ్యి గురించి అబద్ధమాడగలిగిన మనిషి, పుస్తకం గురించి నాలుగు సీసాల ముందు ఆడలేకపోయింది.

“నావల్ల కాదు,” అని కూర్చుంది. కాసేపు పుస్తకం మీద చెయ్యి వేసి నిమురుతూ ఉంది. తర్వాత మెల్లగా నావైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. గంగాళం అడుగున ఏదో అంటుకుందని పసిగట్టినప్పటి చూపు.

“నువ్వెళ్ళి తిట్టు.”

“నేనా?”

“నేను రాను. ఒంట్లో బాగోలేదను. కాదు కాదు, కోపంతో రాలేదను. తిట్టు చూద్దాం.”

నేను లేచాను. “వెలిచ్కా పిన్నికి ఈ పుస్తకం అంతగా నచ్చలేదట,” అన్నాను.

“అంతగా నచ్చలేదా? అది తిట్టా? అది డాక్టరు మాట! నడుం నిటారుగా పెట్టు.”

“పిన్నికి ఈ పుస్తకం చూస్తే అసహ్యమట.”

“ఎందుకట? జనం ఎందుకని అడుగుతారు. ఊరికే అసహ్యమంటే దోంచో చెయ్యెత్తడు, కళ్ళజోడు తుడుచుకుంటాడు.”

“పోయిన వారం మంచి పుస్తకమంది కదా అని నిలదీస్తే?”

“మళ్ళీ చదివిందను. మళ్ళీ చదివాక ఆ అక్క ఎలాంటిదో అర్థమైందట, కోటు వేసుకుని ఎక్కడెక్కడికి వెళ్ళేదో తెలిసిందట, ఛీ, నోటితో చెప్పలేనంది అను. అక్కడ ఆపు. ఆపడం ముఖ్యం నాయనా. ఉప్పు ఎక్కువైతే తియ్యలేం.”

“నిజంగా ఎక్కడికి వెళ్ళేది?”

“పిండిమరకి వెళ్ళేదిరా, చదివానన్నావుగా!”

నేను మళ్ళీ మిరపకాయ అందుకున్నాను.

ఆమె బొటనవేలికి పొయ్యి మసి అద్దుకుని పుస్తకం మీది వార్తాపత్రిక అట్ట మీద ఒక ముద్ర వేసింది. పొయ్యిలో పడేయబోతే నేను లాక్కున్నానని చెప్పాలట. ముద్ర కేసి కాసేపు చూసి, సరిపోలేదని పక్కనే ఇంకోటి వేసింది. తర్వాత అట్ట కొంచెం ఎత్తి, లోపలి పుస్తకానికి మసి అంటలేదు కదా అని వెలుతురులోకి తిప్పి తిప్పి చూసుకుంది.

సాయంత్రమైంది. నేను చొక్కా మార్చుకొచ్చాను. పిన్ని పుస్తకాన్ని నా చంకలో పెట్టింది, రుమ్యానాకు ఇవ్వమని ఒక సీసా చేతికిచ్చింది. తలుపు దాకా వచ్చి, “సిగ్గులేని అనే మాట మర్చిపోకు,” అంది.

మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి పైనుంచి కేక వినబడింది. తలెత్తి చూశాను. పొగలోంచి బాల్కనీ మీదకి వంగి ఉంది.

“నాసో! దోంచో చెయ్యెత్తంగానే ఇచ్చెయ్యకు! కాస్త బతిమాలించుకో!”

“సరే పిన్నీ!”

నాలుగడుగులు వేశానో లేదో మళ్ళీ కేక. ఈసారి గొంతు తగ్గించి, కానీ వీధంతా వినబడేలానే.

“ఒరే నాయనా, మరీ ఎక్కువ తిట్టకు. చంకలోనే ఉంది కదా, వింటుంది.”